నాపరాయి మీద నల్లచీమ



తాడిపత్రి నుంచి యాడికి వైపో, కొలిమిగుండ్ల వైపో బస్సులో వెళ్లినవాళ్లకు ఆ దారి కళ్లకు కట్టినట్టే ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ నాపరాళ్ల గనులు, బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు, కోతలో పనికిరాక పారబోసిన ముక్కల దిబ్బలు, ఆ దాపులోనే సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. ఇక్కడ ఇంటికి గోడ కట్టినా బండే, చేనికి కంచె నాటినా బండే. ఈ నాపరాయి సున్నపురాయిలో ఒక రకం. ఒకప్పుడు సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. అందుకే అంత సాపుగా పలకలుగా లేస్తుంది.

ఈ నేల మీద పాముల గురించి అడుగుతారు, తేళ్ల గురించి అడుగుతారు. చీమల గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా ఒకటే ప్రశ్న: ఈ బండల మీద బతికే నల్లచీమ వేరే జాతా? సున్నపురాయికి అలవాటు పడ్డ చీమా?

ప్రశ్న మంచిదే. అయితే అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆ చీమ ఏది అన్నది మొదటిది. ఆ రాయి చీమకు ఏం చేస్తుంది అన్నది రెండోది. మొదటిది తేలకుండా రెండోదానికి జవాబు చెబితే అది కథ అవుతుంది గానీ శాస్త్రం కాదు. ముందు రాయి సంగతి కాస్త చెప్పుకుని చీమ దగ్గరికి వద్దాం.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి అలసిపోయి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాలోనే సగం ఖర్చైపోతాయి. ఆ కొద్ది వానా సున్నపురాయి మీద పడితే పైన నిలవదు. వాననీటిలో గాలి నుంచి కలిసిన కొద్దిపాటి ఆమ్లం ఉంటుంది. అది వేల ఏళ్లుగా రాయిని కరిగిస్తూ పగుళ్లను వెడల్పు చేస్తుంది. ఆ సందుల్లోంచి నీరు చకచకా కిందికి దిగిపోతుంది. బెలుం గుహలు అలా కరిగిపోగా మిగిలిన ఖాళీయే. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, 3,229 మీటర్లని కొలిచారు. అంటే మన సున్నపురాతి నేలలో పైపొర చాలా పొడి, లోపలెక్కడో తడి. రెండింటికీ మధ్య పగుళ్లు. పైన మట్టి జానెడు కూడా లేని చోట్లు ఎన్నో.

దీనికి వేడి తోడవుతుంది. ఎండపొద్దున బండ మీద చెప్పుల్లేకుండా నిలబడగలిగితే నిలబడండి చూద్దాం. అదే బండ కింద కొద్ది లోతున వేడి అంత ఉండదు, పగటికీ రాత్రికీ అంత తేడా కూడా ఉండదు. చీమ తిండిలో సున్నం లెక్క ఏమీ లేదు. దానికి ఈ రాయి అంటే మూడు విషయాలు: మండే పైభాగం, నిలవని నీరు, తవ్వకుండానే దొరికిన సందులు. ఈ మూడింటికీ ఏ చీమ ఎలా సర్దుకుంది అన్నదే మన రెండో ప్రశ్న.

ఇప్పుడు మొదటి ప్రశ్న. పెద్ద నల్లచీమ కనబడగానే మనం గండుచీమ అనేస్తాం. కానీ మన పీఠభూమిలో అలా పిలిపించుకునే చీమలు కనీసం రెండున్నాయి. ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు కూడా కావు.

అసలు గండుచీమకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కాంపొనోటస్ కంప్రెసస్. ఒకే పుట్టలో చిన్నా పెద్దా చీమలుంటాయి. పెద్దవాటికి తల మిగతా ఒంటికి పొంతన లేనంత పెద్దది. తుమ్మచెట్టు మీదా, పేనుబంక పట్టిన మొక్కల మీదా వరస కట్టి ఎక్కుతాయి. పేనుబంక కార్చే తీపి రసం కోసం ఆ తిరుగుడంతా. ఎండాకాలంలో ఎక్కువగా రాత్రిపూట పని చేస్తాయి. కరుస్తాయి, కరిచిన చోట ఆమ్లం చిమ్ముతాయి. వీటికి కొండి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రెండోది డయాకమ్మ ఇండికమ్. పొడవు ఒక సెంటీమీటరు అటూ ఇటూ. పుట్టలో అన్నీ ఇంచుమించు ఒకే సైజు, తలపెద్ద సిపాయిలు ఉండవు. వరసలు కట్టదు. పట్టపగలు ఒంటరిగా, ఆగి ఆగి, మీసాలు ఆడిస్తూ వేటకు తిరుగుతుంది. చిన్న పురుగు, చెదపురుగు ఏది దొరికితే అది పట్టుకుపోతుంది. దీనికి కొండి ఉంది, కుడితే బాగానే నొప్పి పెడుతుంది. చిన్న భూతద్దం చాలు, ఇంకా రెండు గుర్తులు చూడొచ్చు. తల మీద, వీపు మీద వేలిముద్రలో ఉన్నట్టు వంపు తిరిగిన గీతలుంటాయి, ఎవరో ఓపికగా చెక్కినట్టు. ఇక నడుము. చీమకు ఛాతీకీ పొట్టకూ మధ్య సన్నటి నడుము ఉంటుంది గదా, దాని మీద కణుపు లేస్తుంది. కొన్ని చీమలకు ఒక కణుపు, కొన్నింటికి రెండు. డయాకమ్మకు ఒకటే. ఆ కణుపు నెత్తిన వెనక్కి తిరిగిన రెండు ముళ్లు. గండుచీమకూ కణుపు ఒకటే, ముళ్లు మాత్రం ఉండవు. గీతలు, రెండు ముళ్లు, కొండి, ఒంటరి నడక. ఈ నాలుగూ కుదిరితే జాతి ఏదైనా అది డయాకమ్మ వంశమే.

మరి డయాకమ్మలో ఏది? ఇక్కడ కాస్త చరిత్ర ఉంది. దక్షిణ భారతదేశపు చీమల జాబితా మొదట రాసినవాడు థామస్ జెర్డాన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అక్కడి యానాదుల దగ్గర పక్షుల గురించి, జంతువుల గురించి చాలా తెలుసుకున్నాడు. ఆయన పేరు మనకు చీమల వల్ల కాదు, కలివికోడి వల్ల పరిచయం. ఆయన 1848లో లోకానికి చూపించిన ఆ పక్షి తర్వాత కనుమరుగైందనుకున్నారు. 1986లో మన పక్కనే కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అదే జెర్డాన్ 1851లో మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో చీమల జాబితా అచ్చువేయించాడు. ఎగిరి దూకే చీమ హార్పెగ్నాథస్ సాల్టేటర్ శాస్త్రానికి పరిచయమైంది ఆ జాబితాలోనే. కలివికోడికి దక్కిన పేరులో పదోవంతు కూడా ఆ చీమకు దక్కలేదు. అభయారణ్యం కావాలంటే రెక్కలుండాలేమో.

డయాకమ్మ ఇండికమ్ పేరు 1920 నాటిది. పెట్టినవాడు ఫెలిక్స్ సాంట్షి, ఆయనా వైద్యుడే. స్విట్జర్లాండ్ మనిషి, ట్యునీషియాలో ఎడారి అంచున ఉన్న కైరువాన్ పట్టణంలో వైద్యం చేసేవాడు. చీమలు సూర్యుణ్ణి చూసి దారి పడతాయని ఒక అద్దంతో నిరూపించింది ఈయనే. నడుస్తున్న చీమకు ఎండ తగలకుండా అడ్డుపెట్టి, అద్దంలో ఎండను రెండో వైపు నుంచి చూపించాడు. చీమ వెనక్కి తిరిగింది. ఖర్చు ఒక్క అద్దమే. అలాంటి మనిషి పేరు పెట్టినా, మన దేశపు డయాకమ్మను చాలాకాలం రుగోసమ్ అనే మరో జాతి పేరు కిందే రాస్తూ వచ్చారు. రుగోసమ్ అసలు ఆగ్నేయాసియా చీమ. అందుకే పాత వ్యాసం చదివేటప్పుడు పేరు చూసి సరిపెట్టుకోకూడదు, ఏ ఊరి చీమ అన్నది చూడాలి. ఇప్పుడు నేను చెప్పబోయే సంగతి కూడా రుగోసమ్ పేరుతోనే అచ్చయింది.

1985లో మార్క్ మొఫెట్ అనే అమెరికన్ పరిశోధకుడు మన దేశపు పొడి పొదలడవుల్లో చూసిన వింత ఒకటి ప్రచురించాడు. డయాకమ్మ గూటి నోరు చుట్టూ పక్షి ఈకలు, చచ్చిన చీమల ఒళ్లు పేర్చి ఉన్నాయి. చెత్తేమో అనుకుని దాటిపోయేవాళ్లే ఎక్కువ. ఆయన తెల్లవారుజామున కూర్చుని చూశాడు. ఈకల మీద మంచుబిందువులు పట్టాయి. చీమలు బయటికొచ్చి ఆ బిందువులను దవడల మధ్య పట్టుకుని లోపలికి మోసుకుపోయాయి.

దవడల మధ్య నీళ్లేమిటి అంటారేమో. చాలా చీమలు పొట్టలోని సంచిలో ద్రవాన్ని నింపుకుపోయి, గూట్లో నోటికి నోరు పెట్టి పంచుతాయి. డయాకమ్మ వంశానికి ఆ పద్ధతి లేదు. బిందువు తలతన్యత మీద దవడల మధ్య నిలుస్తుంది, దాన్ని ఒలక్కుండా మోసుకెళ్లాలి. ఒక్కసారికి ఒక్క చుక్క.

ఈకే ఎందుకు? ఇక్కడికే రావాలనుకున్నాను. మబ్బులేని రాత్రి నేల మీది ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశంలోకి వదులుతుంది. పలచగా ఉండి, నేలను అంతగా తాకని వస్తువు తొందరగా చల్లబడుతుంది. గాలిలో ఉన్న తేమ దాని మీదే ముందు నీరవుతుంది. బండకు ఆ పని చేతకాదు. పగలంతా మింగిన వేడిని అది రాత్రి పొద్దుపోయేదాకా కక్కుతూనే ఉంటుంది, కాబట్టి మంచు పట్టదు. పక్కనే పడి ఉన్న ఈక మాత్రం తడుస్తుంది. చచ్చిన చీమ ఒళ్లు కూడా అంతే, సన్నటి వెంట్రుకలతో, నేలకు అంటీ అంటకుండా. నీరు నిలవని నేల మీద ఉన్న చీమకు, గాలిలోంచి నీరు దింపుకోవడం కన్నా తెలివైన ఉపాయం నాకు తోచదు. వానాకాలపు చెరువు ఎండిపోగానే ట్యాంకరు కోసం ఎదురుచూసే మన ఊళ్లను తలుచుకుని ఈ మాట అంటున్నాననుకున్నా తప్పులేదు.

దీన్ని సున్నపురాతి లక్షణం అనవచ్చా? అనకూడదు. ఇది కరువు నేల లక్షణం. నల్లరేగడి అంచునో, ఎర్రమట్టి గుట్టలోనో ఉన్న డయాకమ్మకూ ఇది పనికొస్తుంది. నాపరాతి నేలలో ఆ అవసరం మరింత ముదురుతుంది, అంతే.

పగుళ్ల సంగతి కూడా అలాంటిదే. అది అర్థం కావాలంటే ముందు దీని కాపురం తీరు తెలియాలి. డయాకమ్మ పుట్టలో రాణి ఉండదు. అన్నీ చూడటానికి ఒకేలా ఉండే పనిచీమలే. కోశం నుంచి బయటికొచ్చినప్పుడు ప్రతిదానికీ ఛాతీ మీద రెండు చిన్న బొడిపెలుంటాయి. రెక్కలుండాల్సిన చోట, రెక్కలకు బదులు. వాటిని నిలుపుకున్న ఒకే ఒక్కటి మగచీమతో జతకట్టి గుడ్లు పెడుతుంది. కొత్తగా వచ్చినవాటి బొడిపెలను అది కొరికేస్తుంది. కొరికించుకున్నది ఇక జతకట్టదు, జీవితాంతం కూలిపనే. జపాన్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న డయాకమ్మల మీద 1989లో ఈ సంగతి బయటపడింది. నీలగిరుల్లో ఉన్న డయాకమ్మలో ఆ కొరుకుడు లేదని తర్వాత తేలింది. ఒకే వంశంలో ఒక కొండ మీద ఒక రాజ్యాంగం, ఇంకో చోట ఇంకొకటి. జాతిని సరిగ్గా గుర్తించకపోతే ఇలాంటి తేడాలన్నీ కలగాపులగమైపోతాయి.

డయాకమ్మది చిన్న కుటుంబం, కొన్ని వందల చీమలకు మించదు, పెద్ద పుట్ట తవ్వుకునే స్తోమత లేదు. అందుకే ఉన్న సందులో ఇమిడిపోవడం, అది చెడితే ఇల్లు మారడం దీని బతుకు. మారేటప్పుడు దారి తెలిసిన చీమ ముందు నడుస్తుంది, తెలియనిది మీసాలతో దాని వెనుకభాగాన్ని తాకుతూ వెంబడిస్తుంది. స్పర్శ తెగితే ముందున్నది ఆగుతుంది. ఇలా ఒక్కొక్కదాన్నే కొత్త ఇంటికి చేరుస్తాయి. కోల్‌కతా దగ్గర ఉన్న ఐసర్ అనే పరిశోధన సంస్థలో అన్నగిరి సుమన బృందం ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నది ఈ వలసల్నే. వానకు గూట్లో నీళ్లు చేరినప్పుడు ఇవి ఏం చేస్తాయన్నదాని మీద 2015లో వాళ్లు ఒక వ్యాసం ప్రచురించారు. అవును, నీళ్లు చేరడం. మన పీఠభూమిలో వాన లేదు లేదు అంటాం గానీ, వచ్చిన రోజు ఒక్క పూటలో వంకలు పొంగిస్తుంది. కరువు నేల చీమకు దాహమూ తెలియాలి, వరదా తెలియాలి.

గింజలు దాచే చీమల గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. గడ్డి కోతల తర్వాత బండల అంచున చిన్న రంధ్రం, దాని చుట్టూ గడ్డిగింజల పొట్టు గుండ్రంగా పేరి ఉండటం మన రైతులకు తెలుసు. అవి వేరే చీమలు, నడుము మీద రెండు కణుపులుండే వర్గం. ఉత్తర ఐరోపా పండితులు చీమలు గింజలు దాస్తాయన్న పాత మాటను చాలాకాలం కొట్టిపారేశారు, వాళ్ల చల్లటి దేశాల చీమలు దాచవు కాబట్టి. మన దేశంలో పుణె దగ్గర కర్నల్ సైక్స్ దాన్ని కళ్లారా చూసి 1830ల్లో రాశాడు. వానకు తడిసిన గింజల్ని చీమలు బయటికి తెచ్చి ఎండబెట్టుకోవడం కూడా చూశాడు. తర్వాత జెర్డానూ రాశాడు. 1873లో మాగ్రిడ్జ్ అనే ఆయన దక్షిణ ఫ్రాన్స్‌లో చూసి పుస్తకం వేశాక గానీ ఐరోపా పూర్తిగా నమ్మలేదు. ఇక్కడి కల్లంలో కూర్చున్న ఏ ముసలమ్మను అడిగినా ఆ చర్చ ముందే ముగిసిపోయేది.

సున్నపురాతి నేలలో చీమ జాతిని పొరపాటుగా గుర్తిస్తే ఎంత నష్టమో చూడాలంటే ఇంగ్లండు వెళ్లాలి. అక్కడ లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఉండేది. సున్నపురాతి కొండవాలు గడ్డి మైదానాలు దాని చోట్లలో ముఖ్యమైనవి. దాని గొంగళిపురుగు కొన్నాళ్లు మొక్క మీద పెరిగి, తర్వాత మైర్మికా అనే ఎర్రచీమల గూట్లో చేరి వాటి పిల్లల్నే తిని పెరుగుతుంది. మైర్మికా ఏదైనా ఒకటే అనుకున్నారు. గడ్డిని కాపాడదామని మేత మానిపించి కంచెలు వేశారు. 1950ల్లో జబ్బొచ్చి కుందేళ్లు కూడా చచ్చిపోయాయి. గడ్డి పెరిగింది, సీతాకోకచిలుక తగ్గిపోయింది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఏళ్లపాటు అక్కడే ఉండి తేల్చింది ఇది: దానికి కావలసింది మైర్మికా సబ్యులెటి అనే ఒక్క జాతి. ఆ చీమకు వెచ్చటి నేల కావాలి. గడ్డి కొద్ది సెంటీమీటర్లు పెరిగినా నీడ పడి నేల రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఆ చీమ వెళ్లిపోయి దాని దాయాది వస్తుంది. సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. 1979లో ఇంగ్లండులో ఆ సీతాకోకచిలుక అంతరించిందని ప్రకటించారు. స్వీడన్ నుంచి తెచ్చి 1983 నుంచి మళ్లీ వదిలారు, ఈసారి పశువుల్ని మేపుతూ. చూశారా, అక్కడా చీమ వెతుక్కున్నది సున్నాన్ని కాదు, వేడిని. అక్కడ ఎండ చాలదు, మన దగ్గర మరీ ఎక్కువ. రాయి మాత్రం ఒకటే రకం.

అయితే సున్నపురాయికే అంకితమైపోయిన చీమలు లోకంలో అసలు లేవా? ఉన్నాయి, చాలా అరుదు. లావోస్ గుహల్లో లెప్టోజెనిస్ ఖమ్మువానెన్సిస్ అనే చీమను 2003లో వర్ణించారు. జపాన్‌కు చెందిన ఒకినావా దీవి సున్నపురాతి గుహలో అఫీనోగాస్టర్ గమగుమయా అనేదాన్ని 2018లో వర్ణించారు. వీటివి చీకట్లోనే బతకడానికి మారిన ఒళ్లు, పొడవాటి కాళ్లూ మీసాలూ. చీమలకు గుహ అంతగా కలిసిరాదు. పెద్ద కుటుంబం, దానికి రోజూ తిండి కావాలి. గుహలో తిండి కరువు.

ఆ రకపు మార్పు మన నేలలో మరో జీవికి జరిగింది. బెలుం గుహల నీటిలో ఆంధ్రకాయిడిస్ గెబౌవెరి అనే చిన్న జలచరం ఉంది, కళ్లు లేనిది. 2017లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని వర్ణించారు. బెలుంను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించాక, దాదాపు వందేళ్లకు, 1980ల్లో వచ్చి సర్వే చేసిన జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబౌవర్ పేరే దానికి పెట్టారు. సున్నపురాయికి అలవాటు పడటం అంటే అసలు అర్థం అదీ. బండ మీద తిరిగే నల్లచీమను దానితో పోల్చి ప్రత్యేక జాతి అనేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టు.

కాబట్టి ఆ ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. మన నాపరాతి బండల మీది నల్లచీమ సున్నపురాయి చీమ కాదు. పొడి నేలల చీమ, సందు దొరికిన చోట కాపురం పెట్టింది. అయినా అది అక్కడ ఉన్న తీరు, నల్లరేగడిలో ఉన్న తీరు ఒకటేనా అన్నది తేలాలంటే ఇంట్లో కూర్చుని తేలదు. భారతదేశపు చీమల జాబితా 2016లో కొత్తగా వేసినప్పుడు జాతులూ ఉపజాతులూ కలిపి 828 పేర్లు వచ్చాయి. ఏ రాష్ట్రంలో ఏవున్నాయో అందులో ఉంది. ఆ రాష్ట్రాల లెక్కలో మన బండలకు చోటు రావాలంటే ఇక్కడివాళ్లే చూసి రాయాలి. గనుల పక్క ఊళ్లలో ఉన్న బడిపిల్లలు, టీచర్లు ఈ పని హాయిగా చేయొచ్చు.

ఎలా చేయాలో చెబుతాను. చీమను చంపనక్కర్లేదు. ఫోనుకు చిన్న భూతద్దం తగిలించి మూడు ఫోటోలు తీయండి. పక్కనుంచి ఒకటి, నడుము కణుపూ దాని మీద ముళ్లూ కనబడేలా. ముఖం ఎదురుగా ఒకటి. వీపు పైనుంచి ఒకటి. పక్కన స్కేలు పెట్టండి. పిన్నీసైనా ఫరవాలేదు, దాని పొడవు రాసుకుంటే చాలు. చేత్తో పట్టుకోవద్దు, కొండి ఉందని చెప్పాను గదా. పేర్చిన బండల్ని కదిలించేటప్పుడు తేలు ఉంటుందని గుర్తుంచుకోండి, కదిలించిన బండను మళ్లీ ఉన్నట్టే పెట్టండి. గూటి నోరు చుట్టూ ఈకలు గానీ, చచ్చిన చీమలు గానీ ఉంటే వాటినీ ఫోటో తీయండి. చలికాలంలో తెల్లవారుజామున మళ్లీ వెళ్లి, ఆ ఈకల మీద తడి ఉందో లేదో, పక్క బండ మీద ఉందో లేదో చూడండి.

తేదీ, వేళ, ఊరు రాయండి. ఊరంటే తాడిపత్రి అని రాసి ఊరుకోకండి. నాపరాతి బండ మీదా, గని దిబ్బలోనా, నల్లరేగడి చేను గట్టునా, వంక ఇసుకలోనా, అది కూడా రాయండి.